నాలుగో బెడ్డు ఎదుట చేపల తొట్టి

మా తమ్ముణ్ణి ఒకచోట కుదురుగా కూర్చోబెట్టడం మా అమ్మవల్లే కాలేదు, ఇక నావల్ల ఏమవుతుంది? వాడు ముప్ఫై ఏళ్ళు లారీ నడిపాడు. బండి ఆగితే వాడికి కాళ్ళూ చేతులూ ఆడవు. రైలు గేటు పడితే దిగి, పట్టాలదాకా నడిచి, గేటువాడితో గొడవపడి వచ్చేవాడు. అలాంటి మనిషికి కిడ్నీలు రెండూ పాడయ్యాయి. వారానికి మూడు పొద్దుటిపూటలు, పూటకు నాలుగు గంటలు, చేతికి రెండు సూదులతో మంచం మీద పడి ఉండాల్సి వచ్చింది.

మరదలికి బట్టల ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు. అందుకని వాణ్ణి డయాలసిస్‌కి తీసుకెళ్ళే పని నాది. ఏడింటికల్లా బరువు తూచి లోపలికి పిలిచేవారు. ఇంటివాళ్ళు హాల్లోకి వెళ్ళకూడదు. మధ్యలో అద్దాల గోడ. ఇవతల మేం కూర్చునే ప్లాస్టిక్ కుర్చీలు, అవతల ఆరు బెడ్లు, ఆరు మిషన్లు. నాలుగో బెడ్డు మావాడిది, అద్దానికి ఆనుకునే ఉంటుంది. మందుల చీటీలు అందించడానికి అద్దంలో చిన్న జరుపుడు కిటికీ ఉంది. సిస్టర్ కోప్పడేదాకా అందులోంచి మాట్లాడుకోవచ్చు.

వాడి ఓపిక రెండున్నర గంటలు. అక్కడికి రాగానే కుడికాలు ఊగడం మొదలవుతుంది. తర్వాత దుప్పటి నలుపుతాడు. ఆ తర్వాత సిస్టర్‌ని పిలుస్తాడు.

"సిస్టరమ్మా, తీసెయ్యి."

"ఇంకా గంటన్నర ఉంది బాబాయ్."

"ఎంతుందో నాకు తెలుసు. నువ్వు తీస్తావా, నన్ను పీక్కోమంటావా?"

ఒకసారి నిజంగానే పీక్కోబోయాడు. అప్పట్నుంచి కాగితం మీద సంతకం పెట్టించుకుని తీసేస్తున్నారు. మిషన్ లాగాల్సిన నీరు ఒంట్లోనే మిగిలిపోయేది. కాళ్ళు వాచేవి, కళ్ళ కింద ఉబ్బేది. ఒకసారి ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి చేరి మూడు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "ఇంకోసారి ఇలా వస్తే నేను మాటివ్వలేనమ్మా. నాలుగు గంటలు ఉండాల్సిందే. దీనికి వేరే మందు లేదు" అన్నాడు.

మావారు పోయి తొమ్మిదేళ్ళు. ఇంకొకరిని పంపించే శక్తి నాకు లేదు. ఆ రోజు నుంచి ఆ అద్దం ఇవతల నేను ముళ్ళమీద కూర్చున్నట్టే కూర్చునేదాన్ని. వాడి కాలు వంక చూడటం, గడియారం వంక చూడటం, మళ్ళీ కాలు వంక చూడటం.

హాల్లో టీవీ పెట్టి చూశారు. ఐదో బెడ్డు దర్జీకి పాటలు కావాలి, ఒకటో బెడ్డు ముసలాయనకి వార్తలు కావాలి, మావాడికి అది ఆపేస్తే చాలు. పుస్తకం ఇస్తే విసనకర్రలా వాడాడు. స్టోరు గదిలో దుమ్ముపట్టి ఉన్న గాజుతొట్టి నా కంట పడింది అప్పుడే. డాక్టరుగారింటి పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఇక్కడికి చేరిందట.

సిస్టర్‌ని అడిగాను. ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని ఆలోచించింది. "హాల్లోకి మాత్రం రాకూడదు పెద్దమ్మా. చుక్క నీరు లోపల పడకూడదు. ఇవతలే, అద్దానికి ఆనించి పెట్టుకోండి. చూసుకోవడం మీ పూచీ."

తొట్టిని సరిగ్గా నాలుగో బెడ్డు ఎదుట పెట్టించాను. మావాడు తల తిప్పి చూశాడు.

"నాకోసం చేపలా? చూస్తూ లొట్టలేసుకుంటూ కూర్చోడానికి నేనేమన్నా పిల్లినా అక్కా?"

"నోరు మూసుకుని పడుకో."

నీళ్ళు పోసింది మేం నీళ్ళాయన అని పిలిచే మనిషి. మిషన్లలోకి వెళ్ళే నీటిని శుభ్రం చేసే గది ఆయన చేతిలో ఉండేది. రోజూ మాకన్నా ముందొచ్చి, నీళ్ళలో క్లోరిన్ ఉందేమో చీటీ ముంచి చూసి, పుస్తకంలో రాసి సంతకం పెట్టేవాడు. నేను బకెట్ తీసుకుని చేతులు కడుక్కునే కుళాయి దగ్గరికి వెళ్తుంటే అడ్డం వచ్చాడు.

"ఆ నీళ్ళా? వద్దమ్మా. చేపలవీ ప్రాణాలే కదా. మిషన్ నీళ్ళు పట్టుకెళ్ళండి. ఈ ఊళ్ళో వీటిని మించిన నీళ్ళు లేవు."

రెండు రోజుల తర్వాత చేపల కొట్టుకి వెళ్ళాను. కొట్టు నడిపేది నా ఈడు మనిషి. ముంజేతులదాకా తడి, మెడలో వల. నేను వేలు పెట్టి చూపించేలోపే ప్రశ్నలు మొదలుపెట్టింది.

"తొట్టి ఎంతుంటుంది?"

"పొడుగు రెండున్నర అడుగులు."

"ఎనభై లీటర్లు అనుకుందాం. నీళ్ళు పోసి ఎన్నాళ్ళయింది?"

మొన్న అంటే ఇవ్వదని ఆవిడ చూపులోనే అర్థమైంది. రేపు మళ్ళీ డయాలసిస్. మళ్ళీ ఆ కాలు ఊగడం. "ఇరవై రోజులు" అన్నాను.

"ఎలాంటివి కావాలి?"

"నెమ్మదస్తులు కావాలి. చూస్తుంటే నిద్రొచ్చేలా ఉండాలి."

బంగారు చేపల్ని చూపిస్తే తల అడ్డంగా ఊపింది. "ఇవి తినడమెంతో పాడుచెయ్యడం అంత. ఎనభై లీటర్లు వీటికి ఏ మూలకి?" నల్లచారల ఏంజెల్ దగ్గర ఆగాను. "పెద్దయ్యాక పక్కనున్న పిల్లచేపల్ని ఫలహారం చేస్తుంది." నీలంగా మెరిసే ఫైటర్‌ని చూపించాను. "వాడు ఒంటికాయ శొంఠికొమ్ము. తోక పొడుగున్నవాణ్ణి చూస్తే చీరి పారేస్తాడు." చివరికి రంగుతోకల చిన్న గప్పీ చేపల్ని ఆరు పట్టిచ్చింది, ఆరూ మగవే. ఆడవి కలిపితే నెల తిరక్కుండా తొట్టి పురిటి వార్డు అవుతుందట.

మొదటిరోజు మావాడు వాటిని చూస్తూ రెండు గంటల యాభై నిమిషాలు ఉన్నాడు. ఆ ఇరవై నిమిషాలకే నాకు పట్టరాని సంతోషం వేసింది. తర్వాతి డయాలసిస్‌కి వెళ్ళేసరికి రెండు చేపలు తోకలు ముడుచుకుని అడుక్కి చేరాయి. ఆ తర్వాతిదానికి నాలుగు చచ్చిపోయి ఉన్నాయి. వాణ్ణి లోపలికి పంపేలోగా తీసెయ్యాలనుకున్నాను కానీ వాడు అప్పటికే మంచమెక్కి చూస్తున్నాడు. మిగిలిన రెంటిలో ఎర్రచేప ఒకటి నీటి మీదికొచ్చి నోరు తెరుస్తోంది, మూస్తోంది.

"చూశావా అక్కా. దానికీ ఇక్కడ ఊపిరాడటం లేదు."

"నీళ్ళు మారిస్తే అదే సర్దుకుంటుందిరా."

"సర్దుకోదు. సిస్టరమ్మా, తీసెయ్యి."

రెండు గంటలు కూడా కాలేదు. బతిమాలాను, తిట్టాను. సిస్టర్ కాగితం తెచ్చింది. వాడు సంతకం పెట్టాడు.

ఆదివారం తెల్లవారేసరికి మరదలు ఫోన్ చేసింది. "వదినా, పడుకోలేకపోతున్నాడు. కూర్చునే ఊపిరి తీస్తున్నాడు. తొందరగా రా." నేను వెళ్ళేసరికి మంచం పట్టీ పట్టుకుని కూర్చుని ఉన్నాడు. పెదవులు నల్లబడ్డాయి. నన్ను చూసి ఏదో అనబోయాడు, మాట రాలేదు. సెలవు రోజు అయినా సిస్టర్ వచ్చి హాలు తెరిచింది. ఒక్క మిషన్ పెట్టారు. ఆ రోజు వాడికి లేస్తానని గొడవ చేసే ఓపిక కూడా లేదు. వాడు కదలకుండా ఉండటం నేను చూసింది ఆ ఒక్కరోజే. అలా చూడటంకన్నా ఆ కాలు ఊగడమే నయమనిపించింది.

సోమవారం నేరుగా చేపల కొట్టుకి వెళ్ళాను. "ఇరవై రోజులని అబద్ధం చెప్పాను. రెండు రోజులే" అన్నాను. ఎందుకు చెప్పానో కూడా చెప్పాను. ఆవిడ చేతిలో ఉన్న వల పక్కన పెట్టింది.

"ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు. ఆత్రగత్తెల సంగతి ఎవరూ రాయలేదు, రాయాలి" అంది. తర్వాత చెంగుతో చేతులు తుడుచుకుని, "పదండి, ఆ తొట్టి చూద్దాం" అని బయల్దేరింది.

తొట్టి ముందు నిలబడి, "ఇవి ఏ నీళ్ళు?" అని అడిగింది.

నీళ్ళాయన గర్వంగా ముందుకొచ్చాడు. "మిషన్ నీళ్ళమ్మా. వీటిని మించిన శుభ్రం లేదు."

"అదే కొంప ముంచింది. ఇందులో ఉప్పు లేదు, సున్నం లేదు, ఏమీ లేదు. ఉట్టి నీళ్ళు. ఇందులో గప్పీ ఎలా బతుకుతుంది?"

ఆయన మొహం మాడిపోయింది. "ఇరవై రెండేళ్ళలో నా నీళ్ళకి వంక పెట్టినవాళ్ళు లేరు."

"మనుషుల విషయంలో నేనూ పెట్టను నాయనా. చేపలకే పనికిరాదంటున్నా."

ఆయన తొట్టిలో వేలు ముంచి చూసుకున్నాడు. తర్వాత ఆయనే అడిగాడు. "అయితే క్లోరిన్ ఉండకూడదు, ఉప్పులు మాత్రం ఉండాలి. అంతేనా?"

"అంతే."

"క్లోరిన్ తీసే బొగ్గు డ్రమ్ము దాటాక, ఉప్పులు తీసే పొరల్లోకి పోకముందు నాకో కుళాయి ఉంది. అక్కడ క్లోరిన్ సున్నా. పొద్దున్నే చూశాను."

"అక్కణ్ణుంచి పట్టు. ముందే ఎందుకు చెప్పలేదు?"

"ముందే ఎవరడిగారు?"

బతికిన రెండు గప్పీల్ని ఆవిడే తీసుకుపోయింది. తొట్టి కడిగి కొత్త నీళ్ళు పోశాం. తన కొట్టులో నడుస్తున్న ఫిల్టరులోంచి పాత స్పాంజి ఒకటి తెచ్చి మా ఫిల్టరులో పెట్టింది. "ఇది జిడ్డుగా ఉందని తోమేరు, జాగ్రత్త. ఈ జిడ్డులోనే కంటికి కనపడని పురుగులుంటాయి. చేపల మలం విషం కాకుండా చూసేవి అవే. అవి ఇక్కడ పెరగాలి. రోజూ చిటికెడు మేత వెయ్యండి, వాటికోసం. మూడు వారాలదాకా నా కొట్టు మెట్లెక్కకండి."

మూడు వారాలంటే తొమ్మిది డయాలసిస్‌లు. చేపల్లేని తొట్టికి మేత వేస్తూ, ఉట్టి నీళ్ళు చూస్తూ నేనెలా కూర్చోను? రోజూ నీళ్ళాయన ఒక గాజుగొట్టంలో తొట్టి నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి, వెలుగులో పెట్టి చూసేవాడు. విషం ఉంటే ఆకుపచ్చ, పోతే పసుపు. "ఇవాళ్టికీ ఆకుపచ్చేనమ్మా" అనేవాడు. నాకు ఆ గొట్టాన్ని గట్టిగా ఊపి పసుపు చేసెయ్యాలనిపించేది.

అయితే తొట్టిలో ఏమీ లేదు కాబట్టి హాల్లో అందరికీ అభిప్రాయాలొచ్చాయి. అందరికన్నా ముందు దర్జీ అందుకున్నాడు.

"ఈసారి కుచ్చుళ్ళ తోకలవి తెద్దాం. గౌను కట్టినట్టుండాలి. వాటితోపాటు ఆ పులిచారలవి, చురుగ్గా ఉంటాయి చూడండి, అవి ఓ పది."

మావాడు కళ్ళు మూసుకునే, "పులిచారలవి నీ గౌన్లు కొరికేస్తాయి" అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"కొట్టామె చెప్పిందని మా అక్క అంటుంటే విన్నా. అయినా నీకు లోడెక్కించడం తెలుసా? టీపొడి బస్తాల పక్కన సబ్బుల పెట్టెలు వేశామనుకో, దిగేచోట టీ అంతా సబ్బు వాసనే. పెట్టెకీ బస్తాకీ గొడవేం లేదు. అయినా ఒక బండిలో పనికిరావు. ఏది దేని పక్కన అనేది ముందు చూడాలి. బరువైనది కింద, తేలికది పైన."

అని ఆగిపోయాడు. కళ్ళు తెరిచాడు. "అక్కా, ఆ కొట్టామెకి ఫోన్ కలుపు. ఏది కింద తిరుగుతుందో ఏది పైన తిరుగుతుందో అడగాలి."

కిటికీలోంచి ఫోన్ అందించాను. సూదుల్లేని చేత్తో పట్టుకున్నాడు. మాటలు హాలంతా వినపడేలా పెట్టాడు.

"అమ్మా, నేను నాలుగో బెడ్డు డ్రైవర్ని. షార్కు అని అమ్ముతారట, ఆ నల్లచేప ఎంతుంటుంది?"

"జానెడు. కానీ అది వద్దు డ్రైవరుగారూ. తొట్టి మొత్తం తనదేనంటుంది. పక్కవాడు మలుపు తిరిగితే తరుముతుంది."

"జానెడు చేపకి అంత పొగరేంటమ్మా?"

"మీ పొగరు కూడా నేను విన్నాలెండి. గంటన్నర ముందే లేచిపోతారట."

హాలంతా నవ్వింది. సూది పక్కన ప్లాస్టర్ సరిచేస్తున్న సిస్టర్ కూడా నవ్వింది. మావాడికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆవిడకి జవాబు చెప్పాలి కాబట్టి మూడు గంటలదాకా ఉన్నాడు. తర్వాతిసారికి ఇంకో ప్రశ్న వెతుక్కున్నాడు. కింద మీసాల కోరీ చేపలు, మధ్యలో ఏముండాలి? మరి పైన? ఎన్ని డిగ్రీల నీళ్ళలో ఏది బతుకుతుంది? ఒకటి మాత్రం వాడు ఒప్పుకోలేదు, నెమ్మదైన చేపలు.

"జీబ్రా చేపలు కావాలి నాకు. ఒక్క క్షణం ఆగవట."

"ఆగనివాటిని చూస్తే నువ్వింకా ఆగలేవురా" అన్నాను.

"ఆగినవాటిని చూశాంగా, పోయినసారి."

ఆ మాట నిజమే. కానీ భయం పోలేదు. మధ్యలో ఒకరోజు దర్జీ రాలేదు, కొట్టామె ఫోన్ ఎత్తలేదు, వాడు రెండుంబావు గంటలకే లేచిపోయాడు. ఆ శని, ఆదివారాలు రెండూ నేను మరదలింట్లోనే ఉండి, వాడు దగ్గితే లేచి కూర్చున్నాను.

ఇరవై నాలుగో రోజున గొట్టం పసుపు తిరిగింది. నీళ్ళాయన దాన్ని పట్టుకుని సిస్టర్‌కి, ఊడ్చే ఆమెకి, బస్సు కోసం లోపలికొచ్చి నిలబడ్డ ఎవరో కొత్తమనిషికి కూడా చూపించాడు.

కొట్టామె ఎనిమిది జీబ్రాల్ని సంచిలో తెచ్చింది. కోరీలు ఇంకో రెండు వారాలాగి తెస్తుందట. ఒకేసారి నింపితే స్పాంజి తట్టుకోదట. సంచిని పావుగంట తొట్టిలో తేలనిచ్చి, తర్వాత వలతో ఒక్కొక్కటే వదిలింది. వదిలిందే తడవు ఈ చివర్నుంచి ఆ చివరికి, ఆ చివర్నుంచి ఈ చివరికి ఒకటే పరుగు. నా కళ్ళు తిరిగాయి. మావాడి మిషన్ మొదలై అప్పటికి ముప్పావుగంట.

"ఏడే ఉన్నాయి" అన్నాడు వాడు.

"ఎనిమిది తెచ్చానండీ."

"నేను లెక్కపెట్టాను. ఏడు."

"మళ్ళీ లెక్కపెట్టండి" అని నవ్వుకుంటూ ఆవిడ కొట్టుకి వెళ్ళిపోయింది.

మళ్ళీ లెక్కపెట్టాడు. అవి నిలబడితేగా? మూడు లెక్కపెట్టేసరికి ఒకటోది తిరిగొచ్చి నాలుగోదాని పక్కన చేరేది. దర్జీని లెక్కపెట్టమన్నాడు. దర్జీకి తొమ్మిదొచ్చాయి. "చొక్కా గుండీలు కూడా ఇలాగే కుడతావా?" అన్నాడు మావాడు. సిస్టర్ రెండు బెడ్ల మధ్య ఆగి చూసి, ఎనిమిదంది. ఎలా అని అడిగితే, సంచి మీద రాసుందంది.

"రాసుంటే సరా? బిల్లు మీద రాసినవన్నీ బండిలో ఉంటాయా?"

తొమ్మిదిన్నర అయింది. వాడి కుడికాలు ఊగడం మొదలైంది. దుప్పటి నలుపుతున్నాడు. ఇక సిస్టర్‌ని పిలుస్తాడు. నేను ఏమీ మాట్లాడకూడదని పెదవులు బిగించుకుని కూర్చున్నాను. గంట గుర్తుచేస్తే వాడికి గంటే గుర్తొస్తుంది.

"అక్కా!"

"ఏంట్రా?"

"అడ్డు లే. ఆ మూల కనపట్టం లేదు."

లేచి పక్కకి జరిగాను. తల ఎత్తి చూశాడు, దిండు మడిచి పెట్టుకుని చూశాడు. "ఆరు. కాదు, ఏడు. ఒకటి గెంతి బయట పడిందేమో, నేలంతా చూడు." వంగి కుర్చీల కిందా, తొట్టి వెనకా వెతికాను. ఏమీ లేదు. వాడు నమ్మలేదు, మళ్ళీ చూడమన్నాడు. మూడోసారి వంగి లేస్తూ గడియారం చూశాను. పదింబావు. కాలు ఊగుతూనే ఉంది. వాడు తనంతట తాను ఎప్పుడూ దాటని చోటు దాటిపోయాడు, వాడికి తెలీదు. నాకు తెలుసు, చెప్పుకోడానికి ఎవరూ లేరు.

"సిస్టరమ్మా!" అని అరిచాడు ఒకసారి. నేను కళ్ళు మూసుకున్నాను. "ఆ దీపం వేయించు, తొట్టి మీద చీకటిగా ఉంది" అన్నాడు.

పదకొండవుతుండగా ఎవరిదో మిషన్ అయిపోయినట్టు పాట పాడింది.

"ఎవరిది?" అన్నాడు చేపల మీంచి చూపు తిప్పకుండా.

"మీదే బాబాయ్" అంది సిస్టర్.

వాడు మిషన్ వంక చూశాడు. నా వంక చూశాడు. సిస్టర్ సూదులు తీసి దూది పెట్టి, గట్టిగా నొక్కి పట్టుకోమంది. పది నిమిషాలు కూర్చోమంటే ఐదు నిమిషాలకే లేచి, తూలుకుంటూ తలుపు తోసుకుని ఇవతలికొచ్చాడు. పడతాడేమోనని నేను రెక్క పట్టుకున్నాను. విదిలించుకుని తొట్టి ముందు వంగాడు. అద్దానికి ముక్కు ఆనించాడు.

"ఇదిగో."

ఫిల్టరు గొట్టం వెనక, నీళ్ళు జోరుగా దూకేచోట, ఎనిమిదోది ఉంది. ఆ దూకుడుకి ఎదురీదుతోంది. ఒళ్ళంతా కదులుతోంది, కానీ ఉన్నచోటే ఉంది. బెడ్డు మీంచి ఆ చోటు కనపడదు.

"పద, బస్సు పోతుంది" అన్నాను.

"ఉండు." వాడు కిటికీలోంచి లోపలికి తల పెట్టాడు. "సిస్టరమ్మా, ఎల్లుండి నన్ను ఐదో బెడ్డు మీద వెయ్యి. ఇక్కణ్ణుంచి గొట్టం వెనక కనపట్టం లేదు."

"ఐదోది నాది" అన్నాడు దర్జీ లోపల్నుంచి. "నేనెందుకు దిగాలి?"

"నీకు తొమ్మిది కనిపిస్తున్నాయిగా, నీకెక్కడైతేనేం?"